బెజవాడ ఎండకు నిలిచే కంప్యూటర్‌ను ఎంచుకోవడం ఎలా

గవర్నర్‌పేటలోనో ఏలూరు రోడ్డులోనో కంప్యూటర్ దుకాణంలో అడుగు పెట్టగానే మొదట వినిపించే ప్రశ్న, "మీ బడ్జెట్ ఎంతండీ?" వెంటనే ఒక అంకె చెప్పేస్తే ఆ అంకెకు సరిపడా కొటేషన్ ఒకటి ప్రింటు తీసి చేతిలో పెడతారు. అందులో ప్రాసెసర్ పేరు పైవరసలో ఉంటుంది. కిందెక్కడో "క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్‌తో కలిపి" అని ఒక వరస ఉంటుంది. ఆ ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు సరిపడేలా మార్చి ఇచ్చే పెట్టె) ఏ కంపెనీది, నిజంగా ఎన్ని వాట్లు ఇస్తుంది అన్నది చాలాసార్లు రాయరు. బంధువులకు, స్నేహితులకు, మా అక్క నడిపే డీటీపీ (కంప్యూటర్‌లో పుస్తకాల పేజీలు కూర్చే) సెంటర్‌కు ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు ఎంచి, బిగించి ఇస్తూ వచ్చాను. నేను చూసినంతలో మన ఊళ్లో కంప్యూటర్ ఆయుష్షు తేలేది ఆ పేరు లేని వరస దగ్గరే. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలకు చేరే గది, గాలివానకు ఊగిసలాడే కరెంటు, ఎండిపోయిన ఎర్తింగ్ గుంట ముందుగా దెబ్బ తీసేవి ఎవరూ చూడని భాగాలనే.

అందుకే ఈ వరుసలో ప్రాసెసర్ గురించి ఎంత చెబుతానో, కరెంటు గురించి అంతకన్నా ఎక్కువ చెబుతాను.

1. పనిని కాగితం మీద పెట్టండి

ఆ కంప్యూటర్ మీద ఎవరు, రోజుకు ఎన్ని గంటలు, ఏ పని చేస్తారో రాయండి. "అన్నిటికీ పనికిరావాలి" అని రాయకండి. అలా రాస్తే నిర్ణయం మొత్తం దుకాణదారుకు వదిలేసినట్టే.

పిల్లల చదువు, ఆన్‌లైన్ తరగతులు, ఉత్తరాలు, బ్యాంకు పనులు మాత్రమే అయితే మీకు కావలసింది చాలా తక్కువ. గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టులో లెక్కలు, జీఎస్టీ రిటర్నులు చూసుకునే కంప్యూటర్‌కైనా ఇంతే. ట్యాలీ వంటి లెక్కల సాఫ్ట్‌వేర్‌కు గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మను గీసే విడి కార్డు) అక్కరలేదు. వేగమైన ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్కు బదులు డేటాను చిప్పుల్లో దాచే డ్రైవు), నమ్మకమైన యూపీఎస్ కావాలి. లెక్క నమోదు చేస్తుండగా కరెంటు పోయి డేటా పాడైతే ఎంత ఖరీదైన ప్రాసెసర్ ఉన్నా ప్రయోజనం లేదు.

డీటీపీ, ఫొటోలు, ఫ్లెక్సీ డిజైన్లు చేసేవారి అవసరం వేరు. తెలుగు పుస్తక ప్రచురణకు విజయవాడ దశాబ్దాలుగా కేంద్రం కాబట్టి ఈ పని మీద బతికేవారు మన దగ్గర చాలా మంది. వీరు ముందుగా చూసుకోవలసింది ర్యామ్, మానిటర్ రంగులు, అన్నిటికన్నా ముఖ్యంగా తమ పాత సాఫ్ట్‌వేర్. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ 2001లో వచ్చిన 7.0 వెర్షన్‌తో ఆగిపోయింది. అయినా దానిలో, యూనికోడ్ కాని పాత ఫాంట్లతో పని చేసేవారు ఇప్పటికీ ఉన్నారు. విండోస్ 11 కేవలం 64 బిట్ రూపంలోనే వస్తుంది కనుక పాతకాలపు 16 బిట్ ఇన్‌స్టాలర్లు అందులో అసలు తెరుచుకోవు. మీ పాత సీడీలోని ఫాంట్ సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్‌లో నడుస్తుందో లేదో, దాని డాంగిల్‌కు (సాఫ్ట్‌వేర్ తెరుచుకోవాలంటే తగిలించవలసిన తాళం లాంటి ముక్కకు) సరిపడే పోర్టు ఉందో లేదో కొనకముందే తెలిసినవారి యంత్రంలో పెట్టి చూసుకోండి. డబ్బు కట్టిన తరువాత ఈ సంగతి బయటపడితే పాత కంప్యూటర్‌ను కూడా పక్కనే ఉంచుకోవలసి వస్తుంది.

ఇక ఇంజినీరింగ్ త్రీడీ డ్రాయింగులు, వీడియో ఎడిటింగ్, ఆటలు. వీటికే నిజంగా పెద్ద గ్రాఫిక్స్ కార్డు, దాని వెంట పెద్ద ఎస్‌ఎంపీఎస్, మంచి గాలి ఆడే క్యాబినెట్ కావాలి.

చోటు మారనక్కరలేని పని అయితే ల్యాప్‌టాప్ కన్నా డెస్క్‌టాప్ తీసుకోండి. మన వేడిలో దాన్ని చల్లగా ఉంచడం తేలిక, పాడైన భాగం ఒక్కటే మార్చుకోవచ్చు.

2. ఐ5 అంటే ఏ ఐ5 అని అడగండి

ఇక్కడ జరిగే మోసం నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పిస్తుంది. "ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ" అని చాలా చౌకగా ఒక పెట్టె చూపిస్తారు. మదర్‌బోర్డు (భాగాలన్నీ తగిలించే పలక) మీద ప్లాస్టిక్ కవరు, అట్టపెట్టె అన్నీ కొత్తవే. లోపల చూస్తే హెచ్61 బోర్డు, ఐ5-3470 ప్రాసెసర్. ఆ బోర్డులోని ప్రధాన చిప్ (చిప్‌సెట్) 2011 నాటిది, ప్రాసెసర్ 2012 నాటిది. ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లకు ఐ5 అన్న పేరు 2009 నుంచీ ఉంది కనుక చెప్పిన మాటలో అబద్ధం లేదు. కొన్నవారికి జరిగిన నష్టం మాత్రం నిజం. కొడుకు బీటెక్‌లో చేరాడని కూడబెట్టిన డబ్బుతో ఇలాంటి పెట్టె కొని తెచ్చిన తండ్రులను చూశాను.

దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. ఇంటెల్ పేరులో అడ్డగీత తరువాత వచ్చే అంకెలు చూడండి. నాలుగు అంకెలుంటే మొదటిది తరం: ఐ5-3470 మూడో తరం, ఐ5-8400 ఎనిమిదో తరం. అయిదు అంకెలుంటే మొదటి రెండు: ఐ5-12400 పన్నెండో తరం, 2022 నాటిది. అదే ఏడాది వచ్చిన ఐ3-12100 కూడా పైన చెప్పిన మూడో తరం ఐ5ను అన్ని విధాలా దాటిపోతుంది. ఐ3 చిన్నది, ఐ7 పెద్దది అన్న పోలిక ఒకే తరం లోపలే చెల్లుతుంది. ఏఎండీ రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వేల స్థానంలోని అంకె వరుసను చెబుతుంది: 5600 అయితే 5000 వరుస, 7600 అయితే 7000 వరుస.

పాతది కొంటే వచ్చే ఇబ్బంది వేగంతో ఆగదు. విండోస్ 10కు సాధారణ భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకునేది, ఇంటెల్‌లో ఎనిమిదో తరం, రైజెన్‌లో 2000 వరుస మొదలుకొని వచ్చిన ప్రాసెసర్లను, టీపీఎం 2.0 (భద్రతా సదుపాయం) ఉన్న బోర్డులను. సెకండ్ హ్యాండ్‌లో ఆఫీసుల నుంచి వచ్చిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ తీసుకోవాలనుకున్నా ఈ గీతను దాటి కిందికి వెళ్లకండి.

అంకెల చివర ఉండే అక్షరం కూడా చదవండి. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. వేరే కార్డు పెట్టకపోతే తెర మీద బొమ్మే రాదు. రైజెన్ 5 5600కు కూడా అంతర్గత గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది. ఒక్క అక్షరం తేడాతో కొని, మళ్లీ గ్రాఫిక్స్ కార్డు కోసం పరుగెత్తినవారు ఉన్నారు. ఇంటెల్‌లో కె అక్షరం ఉన్నవి ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ పెట్టిన వేగాన్ని మించి నడపడం) కోసం. వాటి మూల విద్యుత్ వినియోగమే సాధారణంగా 125 వాట్లు, పెద్దవి పూర్తి ఒత్తిడిలో 250 వాట్ల వరకు తాగుతాయి. ఏసీ లేని గదికి అవి వద్దని గట్టిగా చెబుతాను.

ఎందుకంటే గాలితో చల్లబరిచే ఏ కూలరూ ప్రాసెసర్‌ను గది వేడి కన్నా కిందికి దించలేదు. 25 డిగ్రీల గదిలో 70 దగ్గర నడిచే ప్రాసెసర్, అదే పని 40 డిగ్రీల గదిలో చేస్తే 85 దగ్గరికి చేరుతుంది. నేటి ప్రాసెసర్లు సుమారు 90 నుంచి 100 డిగ్రీల మధ్య తమ హద్దును చేరగానే తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. అంటే ఎక్కువ డబ్బు పెట్టి కొన్న వేగం మే నెలలో మీకు దక్కదు. 65 వాట్ల తరగతి ప్రాసెసర్, దానికి కొంచెం పెద్ద కూలర్ అన్నది మన ఇళ్లకు సరైన జత. మొదటి రెండు రకాల పనులకు నాలుగు కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పని చేసే భాగాలు), డీటీపీకి ఆరు కోర్లు చాలు. వీడియో, త్రీడీ పనులకు ఆరు నుంచి మొదలుపెట్టి డబ్బు ఉన్నంత వరకు వెళ్లవచ్చు.

3. మదర్‌బోర్డు

ప్రాసెసర్ తేలితే బోర్డు సగం తేలినట్టే. సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గాడి) కలవాలి. ఇంటెల్ 12, 13, 14 తరాలకు ఎల్‌జీఏ1700, రైజెన్ 5000 వరుసకు ఏఎం4, 7000 నుంచి ఏఎం5. ఏఎం5 బోర్డులు డీడీఆర్5 ర్యామ్‌నే తీసుకుంటాయి. నాలుగైదేళ్ల తరువాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలు కావాలంటే ఏఎం5 వైపు చూడండి. ఎల్‌జీఏ1700 తరువాత వచ్చిన ఇంటెల్ డెస్క్‌టాప్ తరం వేరే సాకెట్‌కు మారిపోయింది.

ఇంటి పనికి, ఇంటెల్ అయితే, హెచ్610 బోర్డు చాలు. దానికి ర్యామ్ స్లాట్లు రెండే ఉంటాయని గుర్తుంచుకోండి. డీటీపీకి, వీడియోకు నాలుగు స్లాట్లు, ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్లు రెండు ఉన్న బీ760 (ఇంటెల్), బీ550 (ఏఎం4), బీ650 (ఏఎం5) వంటివి మేలు. కొనేముందు బోర్డు వెనక వైపు తిప్పి యూఎస్‌బీ పోర్టులు లెక్కపెట్టండి. కీబోర్డు, మౌసు, ప్రింటరు, స్కానరు, డాంగిల్ అన్నీ పెట్టగా ఒకటైనా మిగలాలి.

4. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

ర్యామ్‌లో ఒక్క 16 జీబీ ముక్క కన్నా రెండు 8 జీబీ ముక్కలు వేయించండి. రెండు దారుల్లో ఒకేసారి డేటా నడుస్తుంది; గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉన్న యంత్రాల్లో ఈ తేడా కంటికి కనిపిస్తుంది. ఇంటికి, లెక్కలకు 8 జీబీతో ఇప్పటికి గడుస్తుంది గానీ 16 ఉంటే నిశ్చింత. పెద్ద ఫ్లెక్సీ ఫైళ్లు తెరిచేవారికి 32. డీడీఆర్4, డీడీఆర్5 ముక్కల గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది, ఒకదాని చోట రెండోది కూర్చోదు. కాబట్టి బోర్డు ఏది తీసుకుంటుందో ముందే చూసుకోవాలి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. అందువల్ల పాత కొటేషన్లతో పోల్చి దుకాణదారును అనుమానించకండి, అదే రోజు ఇంకో రెండు చోట్ల అడిగి చూడండి.

ఎస్‌ఎస్‌డీ లేకుండా ఈ రోజు కంప్యూటర్ కొనవద్దు. పాత హార్డ్‌డిస్కు సెకనుకు 150, 200 ఎంబీ చదివితే, సాటా (పాత రకం) ఎస్‌ఎస్‌డీ 550 వరకు, ఎన్‌వీఎంఈ (కొత్త, వేగమైన రకం) మూడో తరం 3,500 వరకు, నాలుగో తరం 7,000 వరకు చదువుతుంది. అయితే రోజువారీ పనిలో హార్డ్‌డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కలిగే ఆనందం మూడో తరం నుంచి నాలుగో తరానికి మారితే కలగదు. వేగం అంకె వెంట పడకుండా, పేరున్న కంపెనీదా, అయిదేళ్ల వారంటీ ఉందా అన్నది చూడండి. ఎం.2 ఆకారంలో ఉన్నంత మాత్రాన ఎన్‌వీఎంఈ కాదు. అదే ఆకారంలో సాటా రకమూ వస్తుంది. బిల్లులో "ఎన్‌వీఎంఈ" అన్న మాట రాయించుకోండి.

విండోస్, సాఫ్ట్‌వేర్లకు 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, పెళ్లి ఫొటోలు, పాత పుస్తకాల ఫైళ్ల కోసం ఒక హార్డ్‌డిస్కు అన్నది డబ్బు కలిసివచ్చే పద్ధతి. కానీ రెండూ ఒకే పెట్టెలో ఉంటే అది దాచుకోవడం కాదు. బయట ఇంకో డిస్కులో నకలు ఉండాలి, అది ఇంకో చోట ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు, నేల మీద ఉన్న క్యాబినెట్లు, పక్కనే సొరుగులో ఉన్న బ్యాకప్ డిస్కులు కలిసే మునిగాయి. అప్పటి నుంచి నేను ఎవరికి కంప్యూటర్ పెట్టినా క్యాబినెట్, యూపీఎస్ రెండింటినీ బల్ల ఎత్తులోనే పెట్టిస్తున్నాను.

5. గ్రాఫిక్స్ కార్డు చాలా మందికి అక్కరలేదు

మొదటి కాగితంలో త్రీడీ, వీడియో, ఆటలు లేకపోతే ఈ ఖర్చు మానండి. "2 జీబీ గ్రాఫిక్స్ కార్డు వేసి ఇస్తాం" అని జీటీ 710, జీటీ 730 కార్డులు చూపిస్తారు. అవి పదేళ్లు దాటిన డిజైన్లు. నేటి ప్రాసెసర్లలో ఉచితంగా వచ్చే గ్రాఫిక్స్ జీటీ 710 కన్నా మెరుగు. నిజంగా అవసరమైనవారు కనీసం 8 జీబీ మెమొరీ ఉన్న ఇటీవలి కార్డు తీసుకోండి, లేదా డబ్బు కూడే దాకా ఆగండి. తరువాత బిగించుకోగలిగిన భాగం ఇది, ఆగితే నష్టం లేదు.

6. ఎస్‌ఎంపీఎస్, ఎర్తింగ్, యూపీఎస్

ఇక్కడ తొందరపడకండి.

మా అక్క సెంటర్‌లో మొదటి కంప్యూటర్‌కు నేను కూడా క్యాబినెట్‌తో వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌నే ఉంచాను. మూడో వేసవిలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయి వచ్చింది. చిన్న చప్పుడు, కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్ పోవడమే కాదు, పోతూ పోతూ మదర్‌బోర్డును, హార్డ్‌డిస్కును తీసుకుపోయింది. ప్రెస్సుకు వెళ్లవలసిన రెండు పుస్తకాల పేజీలు అందులో ఉన్నాయి. వాటిని అక్క మళ్లీ మొదటి నుంచి టైపు చేసింది. ఆ రాత్రులు నాకు గుర్తున్నాయి కాబట్టే ఈ భాగం ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు వాట్ల లెక్క. ప్రాసెసర్ అత్యధికంగా తీసుకునే వాట్లు, గ్రాఫిక్స్ కార్డు వాట్లు, మిగతా భాగాలకు ఒక 80 కలిపి, ఆ మొత్తానికి సగం మళ్లీ కలపండి. ఐ5-12400 ఒత్తిడిలో 117 వాట్ల వరకు వెళుతుంది. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే 117, 80 కలిసి 197; సగం కలిపితే దాదాపు 300. కాబట్టి పేరున్న 400 లేదా 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ బాగా సరిపోతుంది. ఆర్‌టీఎక్స్ 4060 వంటి 115 వాట్ల కార్డు పెడితే 312. సగం కలిపితే 468. అప్పుడు 550 తీసుకోండి.

ఇక ఆ వాట్లు నిజమా కాదా అన్నది. ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించిన పట్టికలో 12 వోల్టుల వరసలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి 12తో గుణించండి. నేటి కంప్యూటర్ బరువంతా ఆ వరస మీదే పడుతుంది. పైన 450 అని రాసి, 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లే ఉంటే ప్రాసెసర్‌కు, కార్డుకు మీకు దక్కేది 216 వాట్లు. చేత్తో ఎత్తి చూడండి; మరీ తేలికగా ఉంటే లోపల ఉండవలసినవి లేనట్టే అనుకోవచ్చు. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉంటే సగం లోడు మీద సుమారు 85 శాతం సామర్థ్యం ఉందని అర్థం. మిగిలిన 15 శాతమే వేడిగా మారుతుంది. ఆ గుర్తు సామర్థ్యానికే గానీ రక్షణకు హామీ కాదు, కాబట్టి ఓవర్ వోల్టేజి, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయా, వారంటీ ఎన్నేళ్లు అన్నవి విడిగా చూడండి. ఇంకొక్కటి: ఆ వాట్లు ఎన్ని డిగ్రీల వేడిలో కొలిచారో కంపెనీ వివరాల్లో వెతకండి. మంచివి 40 లేదా 50 డిగ్రీల దగ్గర పూర్తి వాట్లు ఇస్తామని చెబుతాయి. 25 డిగ్రీల దగ్గర కొలిచిన లెక్క మన వేసవికి చెల్లదు.

తరువాత ఎర్తింగ్. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయా? చాలా మంది "కంప్యూటర్ షాక్ కొడుతోంది" అని దుకాణానికి మోసుకెళతారు. తప్పు సాధారణంగా కంప్యూటర్‌ది కాదు, గోడది. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి క్యాబినెట్‌కు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి కరెంటులోని అలజడిని ఎర్త్‌లోకి పంపడానికి. ఎర్త్ తీగ లేకపోతే 230 వోల్టుల్లో దాదాపు సగం క్యాబినెట్ మీద నిలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మల్టీమీటర్‌తో ఫేజుకు, ఎర్త్‌కు మధ్య కొలిపించండి. ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య ఉన్నంతే రావాలి. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. మించితే ఎర్తింగ్ గుంట చూడండి. వన్‌టౌన్, కృష్ణలంక వంటి చోట్ల పాత ఇళ్లలో గుంట ఎక్కడుందో కూడా మరిచిపోయి ఉంటారు. వేసవిలో ఆ గుంటలో అప్పుడప్పుడు నీళ్లు పోయాలని మన పెద్దవాళ్లకు తెలుసు, మనం వదిలేశాం. అద్దె ఇల్లయితే ఇంటి యజమానిని అడగడానికి మొహమాటపడకండి. ఇది వస్తువులకే కాదు, మనుషుల ప్రాణాలకూ సంబంధించిన విషయం.

యూపీఎస్: 600 వీఏ అని రాసినవి సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్, మానిటర్ కలిపి మామూలు పనిలో 60 నుంచి 100 వాట్లు తీసుకుంటాయి కనుక పావుగంట దొరుకుతుంది. పనిని దాచుకుని (సేవ్ చేసి) కంప్యూటర్ ఆపడానికి అది చాలు. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించకండి. కాగితాన్ని వేడి చేసే క్షణంలో అది వందల వాట్లు లాగేస్తుంది. లోపలి లెడ్ యాసిడ్ బ్యాటరీ వేడికి త్వరగా వృద్ధాప్యం తెచ్చుకుంటుంది. కిటికీ ఎండ పడే చోట పెట్టకండి, రెండు మూడేళ్లకు మార్చడానికి సిద్ధంగా ఉండండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటే, దాని వెనక యూపీఎస్ మోడ్ మీట ఉందో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారేటప్పుడు పట్టే వ్యవధిని ఫ్యాను, లైటు భరిస్తాయి. ఎస్‌ఎంపీఎస్ మాత్రం సుమారు 16 మిల్లీ సెకన్లే నిలబడగలిగేలా తయారవుతుంది. ఆ లోపు కరెంటు అందకపోతే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది.

7. క్యాబినెట్, గాలి

ముందు వైపు గాజు ఉన్నది అందంగా ఉంటుంది. మన వాతావరణానికి ముందు వైపు జాలీ ఉన్నది కావాలి. ముందు ఒక ఫ్యాను గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటకు నెట్టాలి. బల్ల కింద తలుపున్న అరలో పెట్టకండి, గోడకు జానెడు ఎడం ఉంచండి. జాలీ వెనక దుమ్ము వడపోత తీసి కడగడానికి వీలుందో చూడండి. మిర్చి యార్డు పరిసరాల్లో కొట్లు ఉన్నవారు దాన్ని వారానికొకసారి కడగాలి. మిగిలినవారు నెలకోసారి. ఏటా ఎండలు ముదరక ముందే లోపల బ్లోయర్ కొట్టించండి. కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోవాలి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగు పాడవుతుంది.

8. మానిటర్, కీబోర్డు

ఎక్కువ మందికి 24 అంగుళాల ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని) తెర, 1920×1080 పిక్సెళ్లు చాలు. డీటీపీవారు ఎస్‌ఆర్‌జీబీ (ప్రామాణిక రంగుల శ్రేణి) రంగులు పూర్తిగా చూపించేది అడగాలి, 27 అంగుళాలు తీసుకుంటే 2560×1440 ఉండాలి. లేకపోతే తెలుగు ఒత్తులు, గుడులు గరుకుగా కనిపిస్తాయి. దుకాణంలోనే తెరను పూర్తి నలుపు, తెలుపు, ఎరుపు చేయించి చచ్చిన చుక్కలు ఉన్నాయేమో చూడండి. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరిక విండోస్‌లోనే ఉంటుంది. పిల్లలకు మొదటి నుంచి అదే నేర్పండి.

9. కొటేషన్, బేరం, బిల్లు

ఇప్పుడు మీ చేతిలో ఒక జాబితా ఉంది: ప్రతి భాగం కంపెనీ, మోడల్ అంకెతో సహా. అదే జాబితా మూడు దుకాణాల్లో ఇచ్చి ధర అడగండి. జాబితా ఒకటే అయితేనే ధరలను పోల్చడంలో అర్థం ఉంటుంది. ఒక చోట ఎస్‌ఎస్‌డీ మార్చి, ఇంకో చోట ఎస్‌ఎంపీఎస్ మార్చి తగ్గించిన ధర తగ్గింపు కాదు.

ధరలో జీఎస్టీ కలిసిందా అని మొదటే అడగాలి. కంప్యూటర్ల మీద పన్ను 18 శాతం. 40,000 రూపాయల జాబితాకు అది 7,200 అవుతుంది, చివర్లో కలిస్తే గుండె గుభేలుమంటుంది. "బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అన్న మాటకు ఒప్పుకోకండి. బిల్లు లేకపోతే వారంటీ అడిగే హక్కు చేతులు దాటిపోతుంది. వ్యాపారులైతే మీ జీఎస్టీ నంబరు బిల్లులో వేయించుకోండి, అర్హత ఉంటే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. ప్రతి భాగం సీరియల్ నంబరు బిల్లులో ఉండాలి. పాడైతే ఎక్కడికి తీసుకెళ్లాలి, విజయవాడలో సర్వీస్ సెంటర్ ఉందా, హైదరాబాద్ పంపాలా అన్నది భాగం భాగానికీ అడిగి రాసుకోండి. వారంటీ ఉన్నా మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

గుంటూరువారికి ఒక మాట. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో దొరికే జాబితా కోసం నాలుగైదు వందల తేడాకు విజయవాడ రాకండి. పాడైన ప్రతిసారీ అంత దూరం మోసుకు రావాలి.

విండోస్ గురించి కూడా తేల్చుకోండి. దొంగ విండోస్ వేసి "అంతా వేసి ఇచ్చాం" అంటారు. దాన్ని తెరిచే ఉపకరణాల వెంట వైరస్ రావచ్చు, మీ బ్యాంకు పాస్‌వర్డులు అదే యంత్రంలో ఉంటాయి. లైసెన్సు కొనండి, కొనలేకపోతే విండోస్ బదులు ఉబుంటు, ఆఫీస్ బదులు లిబ్రె ఆఫీస్ ఉచితంగా, న్యాయంగా దొరుకుతాయి, తెలుగు యూనికోడ్ రెండింటిలోనూ నడుస్తుంది.

10. బిగించేటప్పుడు అక్కడే ఉండండి

సీలు ఉన్న పెట్టెలను మీ ఎదుటే తెరవమనండి. పెట్టె మీది సీరియల్ నంబరు, వస్తువు మీది నంబరు కలుస్తున్నాయో చూడండి. ఖాళీ పెట్టెలన్నీ మీరే తీసుకెళ్లండి, కొన్ని కంపెనీలు వారంటీకి వాటిని అడుగుతాయి.

విండోస్ ఎక్కాక టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీ చూడండి. ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎన్ని స్లాట్లలో ఉంది, ఏ వేగంతో నడుస్తోంది అన్నీ అక్కడ ఉంటాయి. ర్యామ్ వేగం పెట్టె మీద రాసిన దానికన్నా తక్కువ కనిపిస్తే బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే అమరికల పేజీలో) ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అమర్చమని అడగండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో చూడండి. కొత్తదానికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని గంటలే ఉండాలి. వందలు కనిపిస్తే అది వాడినది. చివరగా ప్రాసెసర్‌ను పూర్తి ఒత్తిడిలో నడిపే సినీబెంచ్ వంటి పరీక్షను అరగంట నడిపించి, వేడిని చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో అది ఎంత చేరిందో చూడండి. దుకాణంలో ఏసీ ఉంటే, ఆ అంకెకు మీ గదికీ దుకాణానికీ ఉన్న తేడాను కలుపుకోండి. మొత్తం 90 దాటేటట్టుంటే కూలర్ మార్పించుకుని గానీ కదలకండి.

ఇంటికి తీసుకెళ్లేటప్పుడు బైకు మీద ఒళ్లో పెట్టుకుని వద్దు, ఆటో మాట్లాడుకోండి. మదర్‌బోర్డు అడుగున ఉండేలా క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టి, కింద దుప్పటి మడిచి వేయండి. కూలర్, గ్రాఫిక్స్ కార్డు బరువుకు గతుకుల్లో బోర్డు లాగబడకుండా ఉంటుంది.